రాయచోటిలో వండని వంట

కడప నుండి రాయచోటికి వచ్చే ప్రయాణికులకు దాదాపు సగం దారిలో గువ్వలచెరువు కనుమ తగులుతుంది. బస్సు మలుపులన్నీ తిరిగి ఒగర్చుకుంటూ వచ్చి ఆ ఊరి దగ్గర ఆగగానే పాలకోవా వాసన మనలను పలకరిస్తుంది. ప్రియ పాఠకులలో ఈ దారిన వచ్చినవారెవరైనా ఉంటే కోవా పొట్లం కొనకుండా ముందుకు సాగి ఉండరు. మేమూ అంతే. ఆరేళ్ళ క్రిందట పరిచర్య నిమిత్తము ఈ ఊరికి బదిలీపై వచ్చిన దినాన, అద్దె ఇంటి తాళపు చెవి మా చేతికిచ్చిన యజమానిగారి చేతిలో మేము మొదట పెట్టింది ఆ కోవా పొట్లమే.

ఆయన పదవీ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయులు. క్రింది భాగంలో వారు, మిద్దె మీద మేము. మమ్మును ‘ఫాదర్ గారూ’ అని పిలుస్తారు. మేము ఫాదరు కాము, పాస్టరము, పెళ్ళాం పిల్లలు ఉన్నవారము అని మొదట్లో నాలుగైదు సార్లు చెప్పి చూశాము. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, మరునాడు మళ్ళీ ‘ఫాదర్ గారూ’ అనే పిలిచారు. అప్పటి నుండి మేము ఆ ఇంటికి ఫాదరమే.

రాయచోటిని పెద్దలు రాచవీడు అంటారు. మాండవ్య నది ఒడ్డున వీరభద్రస్వామి గుడి ఉన్న ఊరు. గుడి గంట, మసీదు బాంగు, మా చిన్న మందిరములో గంట, మూడూ ఒకే గాలిలో కలిసి వినబడే ఊరు. ముస్లిం కుటుంబాలు ఎక్కువ. ఏ వీధిలోనైనా పది ఇళ్ళు లెక్కపెడితే వాటిలో ఒకటి రెండైనా కువైట్ డబ్బుతో కట్టినవి కనబడతాయి. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడి రాయచోటి దానికి కేంద్రమైనప్పుడు మా వీధిలో అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. మా యజమానిగారు మాత్రము రూపాయి పెంచలేదు. 2020లో మా ఇంటిల్లిపాది జ్వరముతో పడి ఉన్నప్పుడు రెండు వారాలపాటు మిద్దె మెట్ల మీద మూడు గిన్నెల క్యారియరు ఉండేది. తట్టి పిలిచేవారు కారు, మెట్టు మీద పెట్టి వెళ్ళేవారు. ఆ రోజుల్లో ఇంటి ముందు నిలబడటానికే జనం భయపడ్డారన్న సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పుచున్నామంటే, ఈ వ్యాసము పందిమాంసము వండటము గురించి.

మా సంఘములో ఒక వృద్ధురాలు ఉన్నారు. మదనపల్లె ఆరోగ్యవరము ఆసుపత్రిలో చాలాకాలము నర్సుగా పనిచేసి వచ్చినవారు గనుక ఊరంతా ‘నర్సమ్మ’ అనే పిలుస్తుంది. కొడుకూ కోడలూ కువైట్‌లో ఉన్నారు. మనుమరాలితో ఉంటున్నారు. ఎనభై దాటిన మనిషి. గత సంవత్సరము చలికాలములో పడకపట్టి లేచారు. చూడటానికి వెళ్ళి, ప్రార్థన చేసి, “ఏమైనా కావాలా అమ్మా?” అని మామూలుగా అడిగాము. సాధారణంగా ఇటువంటప్పుడు ఏమీ వద్దంటారు.

“చాప్స్ తినాలని ఉండాది అయ్యగారూ,” అన్నారు.

మేము మటన్ చాప్స్ అనుకున్నాము. రాయలసీమలో చాప్స్ అంటే పొట్టేలు పక్కటెముకలే కదా. “మీ యజమానిగారి ఇంట్లో బ్రహ్మాండంగా చేస్తారు, తెప్పిస్తాము” అన్నాము. ఆమె నవ్వి, “అవి కాదు. మా నాయన చేసేవి. పోర్క్ చాప్స్,” అన్నారు.

ఆమె పుట్టింది నందలూరు రైల్వే క్వార్టర్సులో. చెయ్యేరు ఒడ్డున ఉన్న ఆ ఊరిలో ఆవిరి ఇంజన్ల కాలమున పెద్ద లోకో షెడ్డు ఉండేది. బండి దిగిన డ్రైవర్లు, ఫైర్‌మెన్లు పడుకొని లేచి వెళ్ళే రన్నింగ్ రూములో ఆమె తండ్రి వంటమనిషి. డ్రైవర్లలో, గార్డులలో ఆంగ్లో-ఇండియన్లు చాలామంది. వారికి కావలసిన వంటలు ఆయన చూసి చూసి నేర్చుకున్నారు. పంది వెన్నుపూసకు ఆనుకొని ఉండే నడుము మాంసాన్ని ఎముకతోపాటు ముక్కలుగా కోసి, ఇనుప పెనము మీద కాల్చి, చివరన తీపి పాకము పూసి ఇచ్చేవారట. దొరల ఇళ్ళలో దానికి ఆపిల్ పండు సాసు వాడతారు. నందలూరులో ఆపిల్ ఎక్కడిది? ఆయన బెల్లమూ చింతపండూ వేశారు.

మాకు ఆ రుచి బొత్తిగా తెలియనిది కాదు. గుంతకల్లులో సహాయ కాపరిగా ఉన్న రోజుల్లో ఒక క్రిస్మస్ నాడు పదవీ విరమణ చేసిన ఒక గార్డుగారి ఇంట తిన్నాము. ఆ తరువాత ఉత్సాహము కొద్దీ ఒకసారి సొంతంగా ప్రయత్నించాము కూడా. ముక్క చెప్పు తోలులా వచ్చింది. మా శ్రీమతి ఒక కొసన, మేము ఒక కొసన పట్టి లాగి చూసి నవ్వుకున్నాము. అప్పటి నుండి ఆ ప్రస్తావన మా ఇంట లేదు.

నర్సమ్మగారు కోరిన కోరిక చిన్నదే. అయితే ఎక్కడ వండాలి?

మా అద్దె ఒప్పందములో పంది వండకూడదని ఎక్కడా వ్రాసి లేదు. కోడి వండినా పొట్టేలు వండినా యజమానిగారు పట్టించుకోరు. ఇది వేరు. వారి పెళ్ళి పనులకు మా గుండిగలు వెళతాయి, మా క్రిస్మస్ కజ్జికాయలకు వారి మూకుడు పైకి వస్తుంది. ఒకసారి మా పెనము మీద పంది పడిన తరువాత ఆ గిన్నెల రాకపోకలు ఏమి కావాలి? చెప్పకుండా వండటము దొంగతనము వంటిది. పోనీ చెప్పి వండుదామా? అడిగితే ఆయన కాదనలేరు. అవుననీ అనలేరు. ఒక మంచి మనిషిని అటువంటి ఇరకాటములో పెట్టే హక్కు అద్దె కట్టినంత మాత్రాన వస్తుందా? నర్సమ్మగారి ఇల్లూ ఇటువంటి వీధిలోనిదే, గోడకు గోడ.

యువజనులలో ఒక అబ్బాయి మాత్రం గట్టిగానే అన్నాడు: “మన పొయ్యి, మన కూడు అయ్యగారూ. ఎవురికి భయపడల్ల? మనం తినేది తప్పా?” ఆ అబ్బాయి మాటలో నిజము లేకపోలేదు. ఎవరు ఏమి తినాలో పక్కవాడు నిర్ణయించే రోజులు ఎవరికీ మంచివి కావు. సంఘములోనే పంది ముట్టని విశ్వాసులు ఉన్నారు. తినేవారూ ఉన్నారు. దైవశాస్త్ర డిప్లొమా చదివేటప్పుడు లేవీయకాండము 11వ అధ్యాయము మీద, యొప్పేలో పేతురు చూసిన దుప్పటి దర్శనము మీద పేజీలకు పేజీలు వ్రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము. అద్దె ఇంటి వంటగది గురించి ఆ చదువులో ఒక్క ప్రశ్న రాలేదు. కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రికలో మాంసము విషయమై పౌలు పడిన తర్జనభర్జన మాత్రం ఆ వారమంతా మా మనసులో మెదిలింది.

చివరకు దారి చూపింది నర్సమ్మగారే. ఆమె తమ్ముడు రైల్వేలో పనిచేసి నందలూరులోనే స్థిరపడ్డారు. వెనుక పెరడు ఉంది, కట్టెల పొయ్యి ఉంది. “ఆడికే పోదాం. నాకూ ఊరు చూసినట్టు ఉంటాది,” అన్నారు.

ఇక మాంసము. రాయచోటి అంగడి వీధుల్లో పందిమాంసము దొరకదు, దొరకాలని మేమూ కోరము. ఊరి బయట ఎరుకల కుటుంబాలవారు కొందరు ఉన్నారు. వారిలో ఒకాయన దొడ్డి కట్టి పందులు పెంచుతున్నాడని విని వెళ్ళాము. ఇంటి నుండి రెండు కిలోమీటర్లు లేదు. ఆరేళ్ళలో మేము అటు అడుగు పెట్టలేదు.

పాఠకులు వీధుల్లో తిరిగే నల్ల పందులను ఊహించుకోవద్దు. సిమెంటు గచ్చు, నీటి తొట్టి, తెల్లని సీమ పందులు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమువారు నాటు పందిని, లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే సీమ జాతిని కలిపి ‘తిరుపతి వరాహ’ అనే సంకర జాతిని తయారుచేశారు. అటువంటి పిల్లలను తెచ్చి పెంచుతున్నానన్నాడు. మొక్కజొన్న, తవుడు, హోటళ్ళలో మిగిలిన అన్నము ఉడికించి పెడతాడట. దొడ్డి దాటి బయటికి వదలడు.

“వదిలితే ఏమవుతుంది?” అని అడిగాము, తెలియక కాదు, ఆయన నోట వినాలని.

“బయట ఏముంటాదో అదే తింటాది గదా సామీ,” అన్నాడు.

ఈ విషయమై నర్సమ్మగారు మాకు పెద్ద పాఠమే చెప్పారు. పందిమాంసములో బద్దెపురుగు తిత్తులు ఉండవచ్చును. సరిగా ఉడకని మాంసముతో అవి లోపలికి పోతే మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది తరువాతి సంగతి. ఆ పురుగు గుడ్లు మనిషి మలములో బయటపడతాయి. ఆరుబయట మలవిసర్జన చేసిన చోట పంది వాటిని తింటుంది, దాని కండలో తిత్తులు పడతాయి. అవే గుడ్లు కడగని చేతులతో, కడగని కూరగాయలతో, నీళ్ళతో మనిషి నోట్లోకి పోతే తిత్తులు మెదడులో పడి మూర్ఛ తెస్తాయి. అందుకే జన్మలో పంది ముట్టని వారికీ, శుద్ధ శాకాహారులకూ ఈ జబ్బు వస్తుంది. వేలూరు సి.ఎం.సి. వైద్యులు దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఈ పురుగు ఉన్న దేశాలలో మూర్ఛ రోగులలో దాదాపు 30 శాతము మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. “పంది మనకు ఇచ్చే రోగం కాదయ్యగారూ ఇది. మనం పందికి ఇచ్చి తిరిగి తెచ్చుకునేది,” అన్నారు నర్సమ్మగారు. మరుగుదొడ్డి లేని ఊరిలో పందిని తిట్టి లాభము లేదు.

ఆ మొదటి రోజు ఒక చిన్న సంగతి జరిగింది. మేము మంచము మీద కూర్చోగానే ఆయన కొడుకును పిలిచి చిల్లర ఇచ్చి అంగడికి పంపాడు. ఆ పిల్లవాడు పరుగున పోయి రెండు సోడాలు తెచ్చాడు. ఎండన పడి వచ్చాము గనుక గటగట త్రాగి, మాటలు ముగించుకొని లేచాము. సగం దారి వచ్చాక మా శ్రీమతి అడిగారు: “ఇంట్లో కుండ నిండా నీళ్ళు ఉన్నాయి కదా, సోడాలు ఎందుకు తెప్పించాడు?”

మేము జవాబు చెప్పలేదు. ఆమెకూ తెలుసు. యజమానిగారి మనసు నొచ్చుకుంటుందేమోనని వారము రోజులు నిద్ర మానుకున్నవారము, ఆ ఇంట నీళ్ళు అడగాలన్న తలపే మాకు రాలేదు. ఆయన మా జాగ్రత్త తానే తీసుకున్నాడు.

ఆదివారము తెల్లవారుజామున ఆయన కోస్తాడు. మాంసము కోసిన వెంటనే వండితే గట్టిగా ఉంటుంది, ఒక పగలూ రాత్రీ చల్లగా ఉంచితే కండ సడలుతుంది. కాబట్టి ఐసు పెట్టెలో సోమవారము వరకు ఉంచమన్నాము. నర్సమ్మగారు క్యాలెండరు కాగితము వెనుక పక్కటెముకలు గీసి, ఎముకకూ ఎముకకూ నడుమ ఎక్కడ కత్తి పెట్టాలో గీతలు పెట్టి పంపారు. కూరకు చిన్న ముక్కలు కొట్టి అలవాటైన చేయి అది. అయినా అంగుళము మందాన, ఎముక విడిపోకుండా ఎనిమిది ముక్కలు చక్కగా కోసి ఇచ్చాడు. రెండు కిలోల పైచిలుకు తూగాయి. ఆయనను కూడా మాతో రమ్మన్నాము. మొదట నమ్మలేదు. తరువాత చొక్కా మార్చుకొని వచ్చాడు.

బయలుదేరే ముందు ఆయన ఇంటి ముందే ఉప్పునీళ్ళు కలిపాము. గుంతకల్లు తరువాత మా ముక్క తోలు అయిన కారణము ఇన్నేళ్ళకు నర్సమ్మగారి వలన తెలిసింది. నడుము మాంసములో కొవ్వు తక్కువ. వేడి ఎక్కే కొద్దీ కండ పోగులు బిగుసుకొని, తడిబట్ట పిండినట్లు లోపలి నీటిని పిండివేస్తాయి. ముందుగా ఉప్పునీళ్ళలో నానితే ఉప్పు కండలోకి దిగి ఆ బిగువును కొంత తగ్గిస్తుంది, నీటిని పట్టి ఉంచుతుంది. రెండు లీటర్ల నీటికి 100 గ్రాముల కల్లుప్పు, 50 గ్రాముల బెల్లము, దంచిన మిరియాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక బిర్యానీ ఆకు. మూతగల స్టీలు క్యానులో ముక్కలు మునిగేలా పోసి, క్యాను చుట్టూ ఐసు వేశాము. ఐసు లోపల వేస్తే ఉప్పు పలచబడుతుంది.

“ఇంత ఉప్పా సామీ!” అని ఆశ్చర్యపడి, దారిలో ఆయన ఒక మాట చెప్పాడు. వాళ్ళ పూర్వీకులది ఉప్పు వ్యాపారమట. తాత చెప్పగా విన్నాడట.

అది చరిత్రకు ఎక్కిన సంగతే. ఎరుకల, కొరచవారు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రతీరపు ఉప్పును తెచ్చి లోపలి ఊళ్ళలో ధాన్యమునకు మారకము వేసేవారు. మద్రాసు రైలు మార్గము 1860లలో కడప మీదుగా సాగి 1871లో రాయచూరు చేరింది. ఉప్పు రైలెక్కింది. గాడిదల వెంట నడిచినవారికి పని పోయింది. ఉప్పు పన్ను చట్టాలు మిగిలినది తీసివేశాయి. పని పోయి తిరుగుతున్నవారిని ప్రభుత్వము 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద పుట్టుకతోనే నేరస్థులని వ్రాసుకుంది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో పెట్టిన సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీవారు, అనగా మనవారే. ఆ చట్టము 1952లో పోయింది. స్టూవర్టుపురము అనగానే మన నోట వచ్చే మాట మాత్రం ఇంకా పోలేదు.

సుండుపల్లె మీదుగా రాజంపేట, అక్కడి నుండి నందలూరు. ముందు సీటులో నర్సమ్మగారు, వెనుక మేమూ ఆయనా, కాళ్ళ దగ్గర క్యాను. చెయ్యేరు పక్కకు రాగానే అందరమూ మాటలు ఆపాము. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ నది ఊళ్ళ మీదికి వచ్చింది. నందలూరు, రాజంపేటల నడుమ రైలు కట్ట కూడా కొట్టుకుపోయింది. ఇప్పుడు నదిలో ఇసుక, మధ్యలో సన్నని నీటి పాయ.

లోకో షెడ్డు కాలము ఎన్నడో ముగిసింది. డీజిలు వచ్చింది, తరువాత కరెంటు వచ్చింది. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలావరకు వెళ్ళిపోయాయి. రన్నింగ్ రూము ఉండిన చోటు ఇదేనని నర్సమ్మగారు కారు ఆపించి, అద్దము దించి చూశారు. దిగలేదు. “పదండి, ముక్కలు ఎక్కువ నానితే ఉప్పగా అవుతాయి,” అన్నారు.

పెరటిలో వేపచెట్టు క్రింద పొయ్యి. మంట తగ్గి నిప్పులు కణకణలాడే వరకు ఆగాము. నాలుగున్నర గంటలు నానిన ముక్కలను తీసి, నీటితో ఒకసారి కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి పూర్తిగా అద్ది, పళ్ళెములో అరగంట గాలికి ఉంచాము. ఈ అరగంట విసుగ్గా ఉంటుంది గాని వదలరాదు. పైన తడి ఉంటే ఆ తడి ఆవిరయ్యే వరకు ముక్క ఉడుకుతుంది, కాలదు. ఎర్రని రంగు రాదు. ముక్క అంచున ఉన్న కొవ్వుకు రెండు మూడు చోట్ల గాటు పెట్టాలి. లేకుంటే ఆ కొవ్వు ముడుచుకొని ముక్క గిన్నెలా వంగిపోతుంది.

ఈ పని కొరకే కొత్త ఇనుప పెనము కొన్నాము. నీటి చుక్క వేస్తే గోలీలా దొర్లాలి. రెండు చెంచాల వేరుశనగ నూనె. ఒక్కసారికి రెండు ముక్కలే పట్టాయి. పెనము నిండా కుక్కితే వేడి చచ్చిపోతుంది. వేసిన తరువాత కదపకూడదు. మూడు నిమిషాలు ఒక వైపు, మూడు నిమిషాలు రెండవ వైపు, ఆపైన పట్టకారుతో ముక్కను నిలబెట్టి కొవ్వు అంచు ఒక నిమిషము. ఆ కొవ్వు కరిగి పెనములోకి వచ్చిన తరువాత ఇక నూనె అడగదు. తరువాత నిప్పులు పక్కకు లాగి, దోసెడు నీళ్ళు చిలకరించి, మూత పెట్టి ఐదారు నిమిషాలు.

ఉడికిందని ఎలా తెలియాలి? నర్సమ్మగారు చేతిసంచిలో నుండి థర్మామీటరు తీశారు. జ్వరము చూసేదేమోనని మేము నవ్వాము. అది 42 డిగ్రీలకు పైన చూపదు కదా. కాదు, ఇది సూది ఉన్న వంట థర్మామీటరు. కోడలు కువైట్‌లో ఒక ఇంట వంట చేస్తుంది. అక్కడ గొర్రె తొడను కాల్చేటప్పుడు వాడతారట. ఒకటి అత్తకు పంపింది. ఆ దేశములో పందిమాంసము అమ్మడము చట్టప్రకారమే నిషేధము. ఆ థర్మామీటరు ఇక్కడ ఏ పనికి వచ్చిందో ఆ ఇంటివారికి తెలియకపోవటమే మంచిది.

అమెరికా వ్యవసాయ శాఖవారు 2011లో ఇటువంటి ముక్కకు లోపలి వేడి 63 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరి, దించిన తరువాత 3 నిమిషాలు ఆగితే చాలునని నియమము మార్చారు. అంతకుముందు 71 ఉండేది. 63 దగ్గర దించితే నడుమ కొద్దిగా గులాబీ రంగు ఉంటుంది, రసము ఎక్కువ ఉంటుంది. మన దేశములో ఏ పంది ఎక్కడ ఏమి తిన్నదో తెలియనప్పుడు ఆ గులాబీ రంగు మనకు వద్దు. దొడ్డిలో పెరిగినదే అయినా మేము 71 దాటే వరకు దించలేదు. థర్మామీటరు లేనివారు ఎముక పక్కన కత్తిమొన గుచ్చి చూడవచ్చును. కారే రసములో ఎరుపు బొత్తిగా ఉండకూడదు. ఇంత ఉడికినా మెత్తగా ఉండటానికే ఆ ఉప్పునీళ్ళు.

పాకము సంగతి చెప్పాలి. 100 గ్రాముల బెల్లము, నిమ్మకాయంత చింతపండు పులుసు, చెంచాడు అల్లపు రసము, చెంచాడు ఎండుమిరప కారము, కొద్దిగా మిరియాల పొడి. విడిగా చిన్న గిన్నెలో తీగ సాగుతున్నట్లు అయ్యే వరకు మరిగించాలి. మేము మొదటి రెండు ముక్కలకు తొందరపడి ముందే పోశాము. క్షణములో మాడి నల్లబడింది. బెల్లము చక్కెరకంటే త్వరగా మాడుతుంది. నర్సమ్మగారు మంచము మీద నుండి లేచి, గరిట మా చేతిలో నుండి తీసుకున్నారు. నాలుగు నెలలుగా ఆమె పొయ్యి దగ్గర నిలబడలేదని మనుమరాలు అన్నది. ముక్క పూర్తిగా ఉడికిన తరువాత, పెనము దించే ముందు, చివరి రెండు నిమిషాలలో పాకము పోసి అటూ ఇటూ తిప్పాలి. అంతే. ముక్క మీద ఎర్రని మెరుగు వచ్చింది. దించి ఐదు నిమిషాలు ఆగమన్నారు. లోపలి రసము సర్దుకోవాలి. పిల్లలు ఆగరు గనుక వారికి ఆ మాడిన రెండు ముక్కలే ముందు పోయాయి. ఎముకలు తప్ప మిగల్చలేదు.

అందరమూ ఒకే చాప మీద కూర్చున్నాము. రొట్టెలు కొందరు, రాగి సంకటి కొందరు. సంకటితోనే బాగున్నదని మా అభిప్రాయము. నర్సమ్మగారు ఒక ముక్క తీసుకొని, కత్తితో చిన్నగా కోసి, నమిలి, చాలాసేపు ఏమీ అనలేదు. అందరమూ ఆమె ముఖమే చూస్తున్నాము.

“మా నాయన చేసినట్టు లేదు,” అన్నారు. “ఆయన కారం వేసేవాడు కాదు, దొరలు తినరని.” ఇంకో ముక్క పెట్టించుకున్నారు. పందులు పెంచే ఆయన ఎముకను జాగ్రత్తగా చీకి పక్కన పెట్టి, “ఇన్నేండ్లు కోసినా గానీ ఇట్లా తినలేదమ్మా,” అన్నాడు. కోసినవాడి ఇంటికి ఎప్పుడూ తలకాయ, పేగులే మిగులుతాయట. నడుము ముక్క అమ్ముడుపోతుంది.

పెనము అక్కడే వదిలి వచ్చాము. రాయచోటి చేరేసరికి చీకటి పడింది. నందలూరులోనే స్నానము చేసి బట్టలు మార్చుకున్నాము. అయినా మిద్దె మెట్లు ఎక్కుతుంటే కాస్త బెరుకుగానే ఉన్నది. యజమానిగారు అరుగు మీద కూర్చొని ఉన్నారు.

“నర్సమ్మ తిన్నదా ఫాదర్ గారూ?” అన్నారు.

మేము మెట్టు మీదనే నిలిచిపోయాము. ఆ నర్సమ్మగారే ఆయన తల్లికి చివరి రోజుల్లో ఇంజక్షన్లు ఇచ్చిన మనిషని, తన కోరిక ముందుగా ఆయనకే చెప్పుకున్నదని అప్పుడు తెలిసింది.

“తిన్నది సార్. రెండు ముక్కలు తిన్నది.”

“అల్‌హందులిల్లా,” అని, లోపలికి చూసి, పైకి టీ పంపమని కేక వేశారు.

ఆ వారము చివరన ఐసు పెట్టె తిరిగి ఇవ్వడానికి మేమిద్దరమూ ఎరుకల కాలనీకి వెళ్ళాము. ఆయన ఇంట లేడు. ఆయన భార్య పిల్లవాణ్ణి అంగడికి పిలవబోగా మా శ్రీమతి ఆపి, కుండలోని నీళ్ళు అడిగారు. ఆమె ఒక క్షణము మా ఇద్దరి ముఖాలూ చూసి, లోపలికి పోయి, చెంబును రెండుసార్లు తోమి తెచ్చింది. త్రాగిన తరువాత, “పిల్లోళ్ళకు చేసి పెట్టల్ల, ఆ బెల్లం లెక్క సరిగ్గా చెప్పండమ్మగారూ. మా ఆయన చెప్పేది ఒకటీ అర్థం కాలేదు,” అన్నది. కూర్చోవడానికి చోటు లేక ఒక వైపు పెట్టి ఉన్న వెదురు తట్టలు కొంచెము పక్కకు జరిపి మా శ్రీమతి చెప్పడము మొదలుపెట్టారు. ముందు ఉప్పు దగ్గర నుండి.